కోతపండుగ మర్నాడు

సార్వా కోతలయ్యి కొత్త ధాన్యం ఇంటికొచ్చాక కోనసీమ చర్చిల్లో కోతపండుగ చేస్తారు. ఆ ఆదివారం వేదిక ముందు కాలు పెట్టడానికి చోటుండదు. కొబ్బరి గెలలు, అరటి గెలలు, కంద దుంపలు, బూడిద గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన నాటుకోళ్లు, బస్తాల్లో కొత్త బియ్యం. ఆరాధన ముగిశాక వేలం. అరటి గెలని బజారు ధరకి మూడు నాలుగింతలకి పాడుకున్నాయన దాన్ని ఇంటికి పట్టుకెళ్లడు, తిరిగి చర్చికే ఇచ్చేస్తాడు. అదే గెల మీద పాట మళ్లీ మొదలవుతుంది.

తెచ్చినవాళ్లెవరో చూడండి. చాలామందికి సెంటు భూమి లేదు. కౌలు రైతులు, కొబ్బరి దింపు కార్మికులు, ఊడ్పులకెళ్లే ఆడవాళ్లు. పొలం తమది కాకపోయినా పంటకి కృతజ్ఞత చెప్పుకునేది వాళ్లే.

ఈ సంగతి బాగా ఎరిగిన మనిషి వి.ఎస్. అజరయ్య. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. ఆయన సంఘస్తుల్లో అత్యధికులు మాల, మాదిగ కూలి కుటుంబాలు. ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి విడిగా కుండలో వేసి చర్చికి తెచ్చే అలవాటు అలాంటి ఇళ్లలో పెరిగిందే. క్రైస్తవుడు ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశాడు. చందా కట్టి చేతులు దులుపుకోవడం కాదు, చేతిలో ఉన్నదంతా దేవుడిదేనని ఒప్పుకోవడం అన్నదే దాని సారం.

లేవీయకాండం 25వ అధ్యాయం ఇదే మాట భూమికీ వర్తింపజేస్తుంది. భూమికి హక్కుదారు దేవుడు, మనుషులు దాని మీద కొన్నాళ్లుండి వెళ్లేవాళ్లు. కౌలు చేసినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తీసుకున్న చేను పాడు చెయ్యకుండా అప్పగించాలి, అంతే. అయినా, మనిషికి సృష్టి మీద పెత్తనం అప్పగించి ప్రకృతి నాశనానికి దారి తీసింది క్రైస్తవమేనని 1967లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు ఆరోపించాడు. ఆదికాండం మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయినవాళ్లకి ఆ ఆరోపణ తగులుతుంది. రెండో అధ్యాయం ఆదాముకి ఇచ్చింది తోటని సేద్యం చేసి కాపాడే పని.

మన డెల్టా పుట్టుకలోనూ ఈ నమ్మకం పాలు ఉంది. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గట్టి భక్తిపరుడు. గోదావరి నీళ్లు సముద్రం పాలవుతుంటే పక్కనే జనం కరువుతో చావడం ఆయన సహించలేకపోయాడు. 1836లో ఈ దేశానికొచ్చిన మిషనరీ విలియం బౌడెన్ ఆనకట్ట పనులకొచ్చిన కూలీల మధ్యే సువార్త చెప్పాడు. కోనసీమలోని పలివెల అనగానే అందరికీ కొప్పేశ్వరస్వామి గుడి గుర్తొస్తుంది. ఆ స్వామి ఊరి పొలాలకీ, ఆ చుట్టుపక్కల పేటల్లో చర్చిలకెళ్లేవాళ్లు కౌలు చేసే చేలకీ ఆధారం ఆ ఆనకట్ట నుంచి వచ్చే మధ్య డెల్టా కాలువలే.

నీళ్లు వచ్చే దారి గురించి ఇంత చెప్పుకుంటాం, పోయే దారి సంగతి మాట్లాడం. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేలాది ఎకరాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించారు. దాని మీద ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఏడో ఏట భూమికి విశ్రాంతి ఇవ్వమని లేవీయకాండం చెబుతుంది గానీ, ఇది విశ్రాంతి కాదు, గిట్టుబాటు లేదన్న నిరసన. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునిగిపోతున్నాయన్నది వాళ్ల గోడుల్లో ఒకటి. ఆ గోడు ఇంకా తీరలేదు. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు మొవ్వులు వాలి మోడులైపోయాయి.

ఇక కోతపండుగ మర్నాటి ఉదయం చూడండి. ముందురోజు ప్రేమవిందులో వాడిన ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు చర్చి పక్క బోదెలో గుర్రపుడెక్క మీద తేలుతుంటాయి. పెళ్లిళ్లకీ, తీర్థాలకీ, సంతర్పణలకీ జరిగేది ఇదే కాబట్టి ఒక్క చర్చినే అనడం న్యాయం కాదు. కానీ సృష్టికర్తకి కృతజ్ఞత చెప్పడానికే పెట్టుకున్న పండుగ కనక ఇక్కడ అది ఎక్కువ తప్పు. పంట ఇచ్చినందుకు పొద్దున పాట పాడి, పంటకి నీరిచ్చిన బోదెని మధ్యాహ్నం చెత్తకుండీ చేస్తే ఆ కృతజ్ఞత నోటి మాటే.

డ్రెయిన్లు తవ్వించడం ప్రభుత్వం పని, నిజమే. దాన్ని అడగాల్సిందే, గట్టిగానే అడగాలి. అయితే ఊరి బోదె తుక్కు తియ్యడానికి జీవో అక్కర్లేదు. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ రోజుల్లో యువజన కూటమి కుర్రాళ్లు, గుడి కమిటీవాళ్లు కలిసి దిగితే అయ్యే పని. విందుకి అరటాకుల కరువు కోనసీమలో ఎప్పుడూ లేదు.

సంఘపెద్దలకి ఒక మనవి. ఈసారి వేలం పాటలో వచ్చిన డబ్బులో పదో వంతు ఊరి బోదె బాగుకి కేటాయించండి. దశమభాగం లెక్క మీకు కొత్తేమీ కాదు.