తోడు ఇవ్వడం నేరం కాదు

పాలు తోడు పెట్టుకోవడానికి పక్కింటావిడ చెంచాడు మజ్జిగ అడిగితే మనం లేదనం. ఇచ్చినందువల్ల మన ఇంట్లో పెరుగు తరగదు. కంప్యూటర్ ప్రోగ్రాము సంగతీ అంతే, ఎన్ని కాపీలు తీసినా అసలు తరగదు. కానీ చట్టం ఈ రెంటినీ ఒకేలా చూడదు.

ఈ తేడా మాకు ఆలస్యంగా తెలిసింది. తాడేపల్లిలోని మా సంఘం ఆఫీసు కంప్యూటర్ చెడిపోతే, బాగుచేసిన దుకాణంవాళ్ళు అందులో విండోస్ వేసి ఇచ్చారు. బిల్లులో దాని ఊసు లేదు, లైసెన్సు లేదు. అందరూ చేసేదే కదా అని మేమూ అడగలేదు. గృహహింస కేసుల అర్జీలు, భర్తలకు భయపడి చిరునామా దాచుకున్న స్త్రీల వివరాలు అందులోనే పెట్టుకున్నాం. ఎవరి చేతులు మారి వచ్చిందో తెలియని ఆ దొంగ కాపీలో ఇంకేం దాగి ఉందో ఎవరు చెప్పగలరు? 2005 నాటి గృహహింస చట్టాన్ని అమలు చేయమని ఆఫీసుల చుట్టూ తిరిగే మనం, మన బల్లమీదే మరో చట్టాన్ని ఉల్లంఘిస్తున్నాం.

1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే కోర్టు 50 వేలకు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు. చందాలతో నడిచే సంఘానికి అదేమైనా తక్కువా?

అయితే పంచుకోవడాన్నే హక్కుగా రాసిన లైసెన్సులు ఉన్నాయి. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో జీపీఎల్ లైసెన్సు తెచ్చాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ మరుసటి ఏడాది ఆ లైసెన్సు కిందికి వచ్చింది. అది కాపీరైటును కాదనదు. ఆ కాపీరైటు బలంతోనే వాడుకునే, పరిశీలించే, మార్చుకునే, పంచే హక్కును అందరికీ ఇస్తుంది. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ ఆ పేరే పెట్టుకుని, తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసి పంచింది. అందుకు ఎవరి గుమ్మం దగ్గరా నిలబడి అనుమతి అడగనక్కరలేదు. అనుమతి లైసెన్సులోనే ఉంది.

హక్కు వెంట బాధ్యతా ఉంది. జీపీఎల్ ప్రోగ్రామును పెన్ డ్రైవ్‌లో ఇస్తే లైసెన్సు కాపీ జత చేయాలి. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలం, కూడా ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని రాతపూర్వకంగా చెప్పాలి. డబ్బు తీసుకోవచ్చు, కానీ తీసుకున్నవారు మరొకరికి ఇవ్వకుండా అడ్డుపడకూడదు. మార్పులు చేసినదాన్ని అసలువారి పేరుతో, గుర్తుతో చలామణీ చేయకూడదు. ఒకే సిస్టమ్‌లో వేరే షరతులున్న ప్రోగ్రాములూ ఉండవచ్చు, చూసుకోవాలి.

మిరప, పత్తి పండించే మన ప్రాంతపు స్త్రీలకు ఈ న్యాయం కొత్తేమీ కాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షన్, రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటుంది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు వేసి అమ్మడానికి మాత్రం ఒప్పుకోదు.

మేము ముందు ఫైళ్ళన్నీ వేరేచోట భద్రపరచుకుని డెబియన్ వేసుకున్నాం. మొదటి నెల కష్టంగానే గడిచింది. అను ఫాంట్లలో ఉన్న పాత కాగితాలన్నీ యూనికోడ్‌లోకి మార్చాల్సి వచ్చింది. ఒకసారి ప్రింటర్ మొరాయించింది. ఆ తర్వాత మంగళగిరి నుంచి వచ్చిన మిత్రురాలు మాక్కూడా ఇవ్వండి అని అడిగితే, భయం లేకుండా ఇచ్చాం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసింది. ఎన్నో సంఘాల కంప్యూటర్లు పాతవైపోయాయని పక్కన పెడుతున్నారు. వాటిలో చాలావాటికి లినక్స్‌తో ఇంకా ఆయుష్షు ఉంది. పారేయకముందు, మీ వచ్చే సమావేశంలో ఒక్క ప్రశ్న వేసుకోండి: మనల్ని నమ్మి వచ్చిన స్త్రీల వివరాలున్న ఈ యంత్రంలో నడుస్తున్నది ఏ హక్కుతో నడుస్తోంది? జవాబు చెప్పలేకపోతే, పక్క సంఘాన్ని తోడు అడగండి.