పాత బండికి ఏ రంగైనా చాలునా?

పాత కారుకు రంగు వేయించబోయేవారికి షెడ్లలో తరచుగా దొరికే సలహా ఒకటుంది: "పాత బండికి డ్యూకో చాలు సార్, పి.యు. దండగ." పొదుపు వేషం వేసుకున్న దుబారా ఈ సలహా అని నా వాదం.

డ్యూకో అన్నది 1920లలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకరు పేరు. మన షెడ్లలో ఆ జాతి రంగులన్నిటికీ అదే పేరు స్థిరపడింది. థిన్నరు ఆవిరైపోగా మిగిలిన పొరే ఆ రంగు. మరల థిన్నరు తగిలితే కరుగుతుంది. ఎండకు క్రమేణా వెలిసి, సుద్దవలె రాలుతుంది. తరచుగా పాలిష్ పట్టకపోతే మెరుపు నిలువదు.

పి.యు., అనగా పాలీయురేథేన్, సంగతి వేరు. హార్డెనరు కలపగానే రెండును రసాయనికంగా పెనవేసుకొని గట్టిపడతాయి. పెట్రోలు ఒలికినా, ఎండ కాసినా డ్యూకో కంటె ఎంతో మెరుగుగా తట్టుకొంటుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దాని బానెట్టు తుప్పు తింటే కంపెనీ మరొకటి చేసి ఇవ్వదు. కనుక గట్టి రంగు కొత్త బండి కంటె పాత బండికే ఎక్కువ అవసరం.

అయితే పి.యు. భక్తులతోనూ నాకు పేచీ ఉంది. తుప్పును రేకు దాకా గీకించక, ఎపాక్సీ ప్రైమరు పూయించక, గుంతను పుట్టీతో పూడ్చి పైన ఎంత ఖరీదైన రంగు కొట్టించినా ఏమి ఫలం? లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

అంతకంటె పెద్ద పేచీ మరొకటి. హార్డెనరులో ఐసోసయనేట్లుంటాయి. గన్నుతో కొట్టేటప్పుడు లేచే తుంపర పీల్చినవారికి ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందా, ఆపై ఏ కొంచెం సోకినా ఆయాసం ముంచుకొస్తుంది. ముక్కుకు కట్టిన చేతిరుమాలు దానిని ఆపలేదు. గొట్టం ద్వారా శుభ్రమైన గాలినందించే మాస్కు కావాలి.

రంగు కంపెనీ పేరు పదిసార్లు అడిగే మనం, ఈ మాస్కు ఉన్నదా అని ఒక్కసారైనా అడుగుతున్నామా? లేని షెడ్డుకు పి.యు. పని ఇవ్వరాదు. అంచనా చీటీలో ప్రైమరు, హార్డెనరుల సరసన దాని ఖర్చును కూడా వ్రాయించి, మనమే చెల్లించాలి. మన్నిక కోరేది మనమైనప్పుడు, దాని వెల పెయింటరు ఊపిరితిత్తుల నుండి వసూలు చేయడం ఏ ధర్మం? కాదనే మిత్రులు కారణం చెప్పి కాదనండి.