కుప్పానికి కృష్ణా నీళ్లొచ్చాయి సరే.. లెక్క ఎవరు చూపాలి?

2025 ఆగస్టు 30న కుప్పం సమీపంలోని పరమసముద్రం చెరువు దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కృష్ణా నీటికి జలహారతి ఇచ్చారు. శ్రీశైలం జలాశయం నుంచి 738 కిలోమీటర్లు ప్రయాణించి ఈ నీళ్లు వచ్చాయని ప్రభుత్వం ప్రకటించింది. అంతకు ఏడాదిన్నర ముందు, 2024 ఫిబ్రవరి 26న, అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి కూడా ఇదే కుప్పం బ్రాంచి కాలువకు నీళ్లు వదిలారు. అదంతా ఎన్నికల ముందు ప్రదర్శన అని అప్పట్లో టీడీపీ విమర్శించింది. ఆ పని చేసింది తామేనని వైసీపీ అంటోంది.

ఇందులో ఎవరి మాట నిజం? ఈ ప్రశ్నకు జవాబు వేదిక మీది ప్రసంగాల్లో దొరకదు. ఏ రోజు, ఏ చోట, ఎన్ని క్యూసెక్కులు పారాయో చెప్పే పట్టికలో దొరుకుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులుగా మీరు అడగాల్సింది ఆ పట్టికనే.

ఈ నీళ్లు అసలు ఎవరివి?

మదనపల్లె పక్కన పారే బాహుదా చెయ్యేరులో కలిసి పెన్నాకు చేరుతుంది. కుప్పం ప్రాంతం పాలారు పరీవాహకంలో ఉంది. అంటే ఈ ఊళ్లేవీ కృష్ణా పరీవాహకంలోనివి కావు. ఇక్కడికి కృష్ణా నీరు వస్తున్నది హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకం వల్ల. నంద్యాల జిల్లా మల్యాల దగ్గర శ్రీశైలం వెనుక జలాల నుంచి ఎత్తిపోసి, అంచెలంచెలుగా పైకి తెచ్చి, పుంగనూరు బ్రాంచి కాలువలోకి, దాని నుంచి కుప్పం బ్రాంచి కాలువలోకి మళ్లిస్తారు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మదనపల్లె దానికంటే సుమారు 1,400 అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడికి వచ్చే ప్రతి బిందెడు నీటి వెనుకా కరెంటు ఖర్చు ఉంది. అది కట్టేది మీరు చెల్లించే పన్నుల నుంచే.

పైగా ఇది మిగులు జలాల మీద ఆధారపడి మొదలైన పథకం. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 11వ షెడ్యూల్లో దీని పేరు ఉంది. అయినా కృష్ణా నీళ్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాటాలు తేల్చే పని 2023 అక్టోబరులో కేంద్రం మళ్లీ బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్‌కు అప్పగించింది. రేపు అక్కడ వాదన నిలబడాలన్నా, ఈ నీళ్లు ఎంత మంది గొంతు తడుపుతున్నాయో లెక్కతో చూపగలగాలి.

నాలుగు చోట్ల నాలుగు అంకెలు

పథకం లక్ష్యం 40 టీఎంసీలు. వరద ఉండే 120 రోజుల్లో వాటిని తోడుకోవాలి. ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే వచ్చే నీరు. ఈ లెక్కన 40 టీఎంసీలకు రోజూ దాదాపు 3,860 క్యూసెక్కులు తోడాలి. మొదటి దశ కాలువ సామర్థ్యాన్ని 3,850 క్యూసెక్కులకు పెంచి, 2025 జులైలో మల్యాల నుంచి నీళ్లు వదలడం వెనుక ఉన్న లెక్క ఇదే. పాత 2,200 క్యూసెక్కుల చొప్పున అయితే 120 రోజుల్లో 23 టీఎంసీలు కూడా రావు.

అయితే మల్యాలలో తోడినదంతా కుప్పం చేరదు. దారిలో ఆవిరైపోతుంది, ఇంకుతుంది, జలాశయాల్లో నిలుస్తుంది, పొలాలకు మళ్లుతుంది. అందుకే ఒక్క అంకె చాలదు, నాలుగు కావాలి. మల్యాలలో తోడింది ఎంత? పుంగనూరు బ్రాంచి కాలువ మొదట్లో వదిలింది ఎంత? కుప్పం బ్రాంచి కాలువలోకి వచ్చింది ఎంత? చెరువుల్లోకి దిగింది ఎంత? ఈ నాలుగూ రోజువారీగా ఒకే పట్టికలో, తెలుగులో, ఫోన్లో కనిపిస్తే చాలు. నీళ్లు వచ్చాయా లేదా అన్న గొడవ ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

తాగునీటి అవసరం ఎంతో కూడా చూద్దాం. కుప్పం కాలువ లక్ష్యం సుమారు 4 లక్షల మందికి తాగునీరు, 110 చెరువుల కింద 6,300 ఎకరాలకు సాగునీరు. పట్టణాల ప్రమాణమైన రోజుకు 135 లీటర్ల చొప్పున వేసుకున్నా, 4 లక్షల మందికి ఏడాదికి 0.7 టీఎంసీ సరిపోతుంది. 40 టీఎంసీల పథకంలో ఇది పెద్ద భాగం కాదు. కాబట్టి ఏటా కాలువ పారిన తర్వాత కూడా మీ వీధికి నాలుగు రోజులకోసారి ట్యాంకరే దిక్కు అయితే, ‘నీళ్లు లేవు’ అన్న జవాబుతో ఊరుకోవద్దు. కాలువ నుంచి మీ కుళాయి దాకా మధ్యలో ఎక్కడ ఆగిందో అడగండి. మదనపల్లె వాసులైతే చిప్పిలి సమ్మర్ స్టోరేజి ట్యాంకుకు ఏ నెలలో ఎంత నీరు చేరిందో మున్సిపాలిటీని అడగొచ్చు.

లైనింగు ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

కాలువకు సిమెంటు లైనింగు వేస్తే ఇంకుడు తగ్గి, చివరనున్న కుప్పానికి నీళ్లు త్వరగా, ఎక్కువగా అందుతాయి. కానీ ఆ ఇంకిన నీళ్లతోనే కాలువ వెంబడి బావులు, బోర్లు బతుకుతున్నాయి. లైనింగు వద్దని రాయలసీమ రైతు సంఘాలు ఆందోళన చేసింది ఇందుకే. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది. తేల్చాల్సింది మాత్రం కొలతలే. లైనింగుకు ముందు, తర్వాత కాలువ పక్క ఊళ్లలో భూగర్భ జలమట్టం ఎలా మారిందో ఊరి పేరుతో సహా బయటపెట్టాలి. బోర్లు ఎండిన ఊళ్లకు పక్క చెరువులు నింపే ఏర్పాటు చేయాలి. ఎగువ రైతు నష్టం, దిగువ పట్టణం లాభం ఒకే కాగితం మీద కనిపించకుండా తీసుకున్న నిర్ణయం ఎవరినీ ఒప్పించలేదు.

కోర్టుకు వెళ్తేనే లెక్క బయటికొస్తుందా?

పుంగనూరు నియోజకవర్గంలోని ఆవులపల్లి జలాశయం కథ గుర్తుందా? రైతులు చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. 2023 మేలో ట్రైబ్యునల్ ఆ జలాశయం పర్యావరణ అనుమతిని రద్దు చేసి, జల వనరుల శాఖకు రూ.100 కోట్ల జరిమానా విధించింది. వ్యవహారం ఆ తర్వాత సుప్రీంకోర్టుకు చేరింది. భూమి పోయే రైతు లాయరును పెట్టుకుని చెన్నై దాకా వెళ్తే తప్ప కాగితాలు బయటికి రాకపోవడం పర్యవేక్షణ అనిపించుకోదు. అది ఆఖరి దారి.

మొదటి దారి చట్టంలో ఎప్పుడో ఉంది. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు నీటి బడ్జెట్ వేసుకునే బాధ్యత, సామాజిక తనిఖీ చేసే బాధ్యత అప్పగించింది. చాలా ఏళ్ల విరామం తర్వాత 2024 డిసెంబరులో ఆ సంఘాలకు ఎన్నికలు జరిగాయి. మీ చెరువు సంఘం అధ్యక్షుడు ఎవరో మీకు తెలుసా? చెరువుకు వచ్చిన నీటి లెక్కను సర్వసభ్య సమావేశంలో చదవమని అడిగే హక్కు ఆయకట్టు రైతుకు ఉంది. మీ అమ్మానాన్నలు ఊళ్లో సాగు చేస్తుంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

ఇతర దేశాలూ ఈ పాఠం ఆలస్యంగానే నేర్చుకున్నాయి. ఆస్ట్రేలియాలోని ముర్రే-డార్లింగ్ పరీవాహకంలో నీటి చౌర్యంపై 2017లో ఒక టీవీ కథనం దుమారం రేపింది. 2021లో ఆ దేశం నీటి నిబంధనల అమలును చూసేందుకు ప్రత్యేకంగా ఒక ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను నియమించింది. నీళ్లు పంచే శాఖే తన లెక్క తానే సరిచూసుకుంటే జనం నమ్మరన్నది అక్కడ తేలిన సంగతి.

ఈ వారం మీరు చేయగలిగినవి

ఒకటి, రాష్ట్ర జల వనరుల సమాచార వెబ్‌సైటు ఏపీడబ్ల్యూఆర్‌ఐఎంఎస్ తెరవండి. జలాశయాల నిల్వలు, భూగర్భ జలమట్టాలు అందులో ఉంటాయి. మీ మండలం అంకె చూసి, మీ ఇంటి బోరుతో పోల్చుకోండి.

రెండు, సమాచార హక్కు దరఖాస్తు వేయండి. గ్రామ స్థాయి కార్యాలయాల్లో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘మా ఊరికి నీళ్లెందుకు రాలేదు’ అని రాస్తే జవాబు రాదు. ‘గత జూన్ 1 నుంచి మే 31 వరకు పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల ప్రారంభంలో నమోదైన రోజువారీ ప్రవాహం, నింపిన చెరువుల పేర్లు, ఒక్కోదానికి ఇచ్చిన నీటి పరిమాణం, గేజి రిజిస్టరు నకళ్లు’ అని రాయండి. అభిప్రాయం అడగొద్దు, రికార్డు అడగండి.

మూడు, వచ్చిన జవాబును వాట్సాప్ గ్రూపులో పెట్టి వదిలేయొద్దు. వార్డు కౌన్సిలరుకు, నీటి సంఘానికి, ఎమ్మెల్యేకు కాపీ ఇవ్వండి. వచ్చే ఏడాది అదే నెలలో అదే ప్రశ్న మళ్లీ వేయండి. రెండేళ్ల అంకెలు పక్కపక్కన పెడితే, ఏ పార్టీ ప్రసంగమూ చెప్పని సంగతి అవి చెబుతాయి.

హారతి ఒక్క రోజుది. గేజి రిజిస్టరులో అంకె రోజూ ఎక్కాలి, రోజూ మీకు కనిపించాలి.