సంతానలేమి: చికిత్సకు ముందు కారణం తెలియాలి

పెళ్లయి రెండు మూడేళ్లు గడిచినా పిల్లలు కలగకపోతే మన దేశంలో సాధారణంగా ముందు ఆసుపత్రి మెట్లెక్కేది భార్య. ఆమెకు రక్తపరీక్షలు, స్కానింగులు చేస్తారు. ఫాలోపియన్ నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో ఎక్స్‌రే తీసి చూస్తారు. అవసరమైతే మత్తుమందు ఇచ్చి లాపరోస్కోపీ కూడా చేస్తారు. ఇవన్నీ పూర్తయ్యాక ఎప్పటికో భర్త వంతు వస్తుంది. నిజానికి అతనికి చేయవలసిన తొలి పరీక్షకు ఒక చిన్న డబ్బాలో వీర్యం నమూనా ఇస్తే చాలు. దానికి కోత లేదు, మత్తు లేదు, ఖర్చూ తక్కువే. అన్నిటికన్నా సులువైన పరీక్ష అన్నిటికన్నా చివరికి వెళ్లిపోవడానికి వైద్యపరమైన కారణం ఏదీ లేదు. అది సమాజం అలవాటు చేసిన వరుస. ఆ వరుస ప్రభావం చికిత్స మీదే కాక, సంతానలేమి కారణాలపై జరగవలసిన పరిశోధన మీద కూడా పడుతోంది.

ఏడాదిపాటు గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా కలిసి ఉన్నా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలోని వయోజనుల్లో సుమారు 17.5 శాతం మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటున్నారు. పేద దేశం, ధనిక దేశం అన్న తేడా ఇందులో పెద్దగా లేదు. ఇలాంటి జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో లోపం పూర్తిగానో, కొంతవరకో పురుషుడి వైపు ఉంటుందని వైద్యశాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది.

అయినా నింద మాత్రం స్త్రీ మీదే పడుతుంది. పిల్లలు లేని స్త్రీని గొడ్రాలు అనడానికి తెలుగులో ఒక మాట సిద్ధంగా ఉంది. పిల్లలు లేని పురుషుడికి అంతగా వాడుకలో ఉన్న మాట లేదు. పైగా మగతనం, సంతాన సామర్థ్యం ఒకటే అనే అపోహ బలంగా నాటుకుపోయింది. ఈ రెండూ వేర్వేరు విషయాలు. దాంపత్య జీవితంలో ఏ లోపమూ లేని పురుషుడి వీర్యంలో ఒక్క శుక్రకణమైనా లేకపోవచ్చు. ఆ సంగతి సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప తెలియదు. ఈ అపోహ వల్లే పరీక్ష అనగానే చాలామంది మగవారు వెనక్కి తగ్గుతారు. పరీక్షకు రానివారి సమాచారం పరిశోధకులకూ అందదు.

పురుషుల్ని పరీక్షిస్తే ఎంతటి విషయం బయటపడుతుందో 1977లో అమెరికాలో జరిగిన ఒక ఉదంతం చూపింది. కాలిఫోర్నియాలోని లేథ్రప్‌లో ఒక పురుగుమందుల కర్మాగారం ఉండేది. అక్కడ ఒకే విభాగంలో పనిచేస్తున్న కార్మికులు తమలో చాలామందికి కొన్నేళ్లుగా పిల్లలు పుట్టడం లేదని మాటల మధ్యలో గమనించారు. తమకు పరీక్షలు చేయించాలని పట్టుబట్టారు. పరీక్షిస్తే పలువురిలో శుక్రకణాలు అసలే లేవు, మరికొందరిలో చాలా తక్కువగా ఉన్నాయి. నేలలోని నులిపురుగులను చంపడానికి వాడే డీబీసీపీ అనే రసాయనమే దానికి కారణమని తేలింది. 1979 నాటికి అమెరికా ప్రధాన భూభాగంలో దాని వాడకం ఆగిపోయింది. ఆ కార్మికుల భార్యలకు ఎన్ని పరీక్షలు చేసినా ఈ నిజం బయటకు వచ్చేది కాదు. ప్రతి జంటనూ విడివిడిగా చూసి చికిత్స చేసి పంపేసినా బయటకు వచ్చేది కాదు. కారణం కోసం వెతికినందువల్ల ఒక రసాయనం మార్కెట్ నుంచి వైదొలగింది. మరెందరో ఆ ముప్పు నుంచి తప్పించుకున్నారు.

మన దేశంలోనూ అలాంటి ప్రశ్నలు తలెత్తాయి. కేరళలోని కాసరగోడ్ జిల్లాలో జీడిమామిడి తోటలపై రెండు దశాబ్దాలకు పైగా ఎండోసల్ఫాన్ మందును హెలికాప్టర్లతో చల్లారు. ఆ తోటల దిగువన ఉన్న గ్రామంలోని మగపిల్లలను అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఆ మందు ప్రభావానికి లోనైన పిల్లల్లో యవ్వన లక్షణాలు రావడం ఆలస్యమవుతూ ఉండవచ్చని, హార్మోన్ల తయారీకి ఆటంకం కలుగుతూ ఉండవచ్చని 2003లో వెలువడిన ఆ అధ్యయనం సూచించింది. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిషేధించింది. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవు. ఆ పిల్లలు పెద్దవారయ్యాక వారి సంతాన సామర్థ్యం ఎలా ఉందన్నది అసలు ప్రశ్న. పత్తి, మిర్చి పొలాల్లో ముఖానికి గుడ్డ కూడా కట్టుకోకుండా మందులు పిచికారీ చేసే రైతుకూలీల విషయంలోనూ అదే ప్రశ్న వేయాలి. ఏళ్ల తరబడి ఒకే సమూహాన్ని అనుసరించే అధ్యయనాలు చేస్తే తప్ప దానికి జవాబు దొరకదు.

కారణాలన్నీ బయటి నుంచే రావు. కొన్ని పుట్టుకతోనే జన్యువుల్లో ఉంటాయి. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరు ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా పొంది పుడతారు. దీన్ని క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ అంటారు. వారిలో చాలామందికి పెళ్లయి, పిల్లలు కలగక పరీక్షలకు వెళ్లేదాకా ఆ సంగతి తెలియదు. మరికొందరి వై క్రోమోజోమ్‌లో ఒక చిన్న ముక్క లోపించి ఉంటుంది. శుక్రకణాల తయారీకి కావలసిన సమాచారం ఆ ముక్కలో ఉందని 1976లో ఇటలీ శాస్త్రవేత్తలు టియెపోలో, జుఫార్డి గుర్తించారు. ఆ ప్రాంతాన్ని ఇప్పుడు ఏజెడ్ఎఫ్ అంటారు. అందులో ఎ, బి, సి అని మూడు భాగాలున్నాయి.

హైదరాబాద్‌లోని సీసీఎంబీలో శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ బృందం చాలా ఏళ్లుగా ఈ విషయంపైనే పనిచేస్తోంది. శుక్రకణాల తయారీలోనూ పనితీరులోనూ పాత్ర ఉన్న ఎనిమిది జన్యువుల లోపాలను ఈ బృందం 2022లో వెల్లడించింది. ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉన్న టెక్స్13బి అనే జన్యువుకు శుక్రకణాల తయారీతో సంబంధం ఉందని 2024లో తెలిపింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మగబిడ్డకు ఎక్స్ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది. కొడుకుకు సంతానం కలగకుండా చేసే లోపం తల్లిలో ఏ ఇబ్బందీ కలిగించకుండా దాగి ఉండవచ్చు. అందులో ఆమె తప్పేమీ లేదు, ఆమెకు తెలిసే అవకాశమూ లేదు. వంశపారంపర్యం అనగానే ఎవరినో ఒకరిని వేలెత్తి చూపే అలవాటుకు విజ్ఞానశాస్త్రం చెప్పే జవాబు ఇది.

కారణం ఏదైతేనేం, ఐవీఎఫ్ ఉంది కదా అని కొందరు వాదిస్తారు. ఒకే ఒక్క శుక్రకణాన్ని సన్నని సూదితో అండంలోకి ప్రవేశపెట్టే ఇక్సీ పద్ధతి 1992లో వచ్చింది. శుక్రకణాలు చాలా తక్కువగా ఉన్నవారు కూడా దానివల్ల తండ్రులు కాగలుగుతున్నారు. అది గొప్ప మేలే. అయితే ఆ పద్ధతి లోపాన్ని దాటి వెళుతుందే తప్ప దాన్ని సరిచేయదు. ఏజెడ్ఎఫ్ సి భాగం లోపించిన పురుషుడికి ఇక్సీ ద్వారా కొడుకు పుడితే, తండ్రి వై క్రోమోజోమే కొడుక్కీ వస్తుంది. పాతికేళ్ల తర్వాత అదే ఇబ్బంది ఆ బిడ్డ ముందుకు వస్తుంది. ఎ భాగం పూర్తిగా లోపించిన వారిలో వృషణాల నుంచి శస్త్రచికిత్స ద్వారా తీద్దామన్నా శుక్రకణాలు దొరకవు. ఈ సంగతి ముందే తెలిస్తే ఆ దంపతులకు ఒక వృథా ఆపరేషన్, లక్షల రూపాయల ఖర్చు తప్పుతాయి. చికిత్స తీసుకోవాలా వద్దా అన్నది దంపతుల ఇష్టం. తెలిసి నిర్ణయించుకోవడం మాత్రం వారి హక్కు.

కారణం తెలిస్తే ఐవీఎఫ్ అవసరమే రాని సందర్భాలూ ఉన్నాయి. కండలు పెరగాలని టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకునే యువకుల్లో శుక్రకణాల తయారీ దాదాపు ఆగిపోతుంది. బయటి నుంచి హార్మోన్ అందుతుండటంతో వృషణాలకు మెదడు పంపే సంకేతాలు నిలిచిపోవడమే దీనికి కారణం. ఆ మందు మానేస్తే చాలామందిలో కొన్ని నెలల్లో పరిస్థితి మెరుగుపడుతుంది. పిట్యూటరీ గ్రంథి హార్మోన్ల లోపం ఉన్నవారికి ఆ హార్మోన్లే ఇచ్చి చికిత్స చేయవచ్చు. వృషణాల సిరలు ఉబ్బే వేరికోసీల్‌కు కొందరిలో శస్త్రచికిత్స ఫలితమిస్తుంది. అయితే ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందుకే ఏ మార్పు ఫలితమైనా మూడు నెలల తర్వాతే పరీక్షలో కనిపిస్తుంది. రావిచెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి కడుపు తడిమి చూసుకున్నట్లు, మందు మొదలుపెట్టిన వారానికే నివేదిక కోసం ఆత్రపడటం వల్ల ప్రయోజనం లేదు.

స్త్రీలకు పరీక్షలు ఎక్కువ చేసినంత మాత్రాన వారిలోని కారణాలు సరిగా తెలుస్తున్నాయనీ చెప్పలేం. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. ఫాలోపియన్ నాళాలకు, గర్భాశయం లోపలి పొరకు సోకి, దగ్గూ జ్వరమూ లేకుండా ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. అక్కడ సూక్ష్మక్రిములు చాలా తక్కువగా ఉండటం వల్ల పరీక్షల్లో సులువుగా పట్టుబడవు. మందులతో క్షయ తగ్గుతుంది కానీ మచ్చకట్టి మూసుకుపోయిన నాళాలు మళ్లీ తెరుచుకోవడం కష్టం. ఆలోపు గుర్తించగల చవకైన, నమ్మకమైన పరీక్ష మన దేశానికి ఎంతో అవసరం. క్షయ భారం లేని ధనిక దేశాలు ఆ పరీక్షను మన కోసం తయారుచేసి పెడతాయని ఎదురుచూడటం అనవసరం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. స్త్రీ వయసు 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత వేగంగా తగ్గుతాయి. కారణాలు వెతుకుతూ కూర్చుంటే ఉన్న కాలం కూడా కరిగిపోదా? ఈ ఆందోళన న్యాయమైనదే. అందుకే భార్యాభర్తలిద్దరికీ ప్రాథమిక పరీక్షలు ఒకేసారి మొదలుపెట్టాలి. వీర్య పరీక్ష ఫలితం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. తేడా ఉంటే మరోసారి చేసి నిర్ధారించుకోవచ్చు. జన్యు పరీక్షలకు కొన్ని వారాలు చాలు. అసలు ఆలస్యమంతా ముందు ఆమెను చూద్దాం, తర్వాత అతన్ని చూద్దాం అనడంలోనే ఉంది.

అన్ని పరీక్షలూ చేశాక కూడా సుమారు 15 నుంచి 30 శాతం జంటల్లో కారణం దొరకదు. వైద్యులు దాన్ని కారణం తెలియని సంతానలేమి అంటారు. అది రోగం పేరు కాదు, శాస్త్రం ఇంకా చేరుకోని హద్దు. ఆ హద్దు జరగాలంటే సమాచారం కావాలి. 1973 నుంచి 2018 మధ్య ప్రపంచంలో పురుషుల శుక్రకణాల సాంద్రత సగానికి పైగా తగ్గిందని 2022లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణ పేర్కొంది. వేర్వేరు ప్రయోగశాలల్లో, వేర్వేరు కాలాల్లో లెక్కించిన సంఖ్యలను కలిపి చూడటం ఎంతవరకు సరైనదన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది. భయపడటానికో, కొట్టిపారేయడానికో తొందరపడే బదులు, ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి లెక్కలు సేకరించడం మేలు.

అందుకు మార్గం కొంత సిద్ధంగానే ఉంది. 2021లో పార్లమెంటు ఆమోదించిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం ప్రకారం క్లినిక్‌లన్నీ జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. అవి అందించే సేవలు, వాటి ఫలితాలు అందులో చేరాలి. ఎన్ని చికిత్సలు జరిగాయి, ఎంతమంది శిశువులు పుట్టారు అన్న లెక్కతో పాటు దంపతుల్లో ఎవరిలో ఏ లోపం కనిపించింది, వారు ఏ పని చేస్తారు, ఏ ప్రాంతం వారు అన్న వివరాలు పేర్లు లేకుండా నమోదైతే, లేథ్రప్ కార్మికులు మాటల్లో గమనించిన విషయం లాంటిది మన దగ్గర లెక్కల్లోనే కనిపిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీర్య పరీక్షకు నాణ్యమైన ప్రయోగశాలలు, పరీక్షకు వచ్చే పురుషుడికి కాస్త ఏకాంతం, గౌరవం కూడా ఇందులో భాగమే.

బిడ్డ కోసం ఎదురుచూసే దంపతులకు గణాంకాలతో పని ఉండదు. తమకే ఎందుకిలా అన్నదే వారి ప్రశ్న. చాలా ఇళ్లలో ఆ ప్రశ్నకు జవాబు నిందగానో మొక్కుగానో ఇప్పటికే సిద్ధంగా ఉంటుంది. దాని స్థానంలో సరైన జవాబు ఇవ్వగలిగేది పరీక్ష, పరిశోధన మాత్రమే. ఆ పరీక్ష ఇద్దరికీ ఒకే రోజున మొదలు కావాలి.