లేని చట్టం నిలిపిన ప్రాణాలు



గత నెల మా మదర్సాలో అసత్య నిషేధం గురించి పాఠం చెబుతున్నాము. అబద్ధం మహాపాపమైనా, ప్రాణం తీయజూసే దుర్మార్గుని నుండి దాగిన ముస్లిమును కాపాడేందుకు మరో దారి లేనప్పుడు అబద్ధమాడటం విధి అవుతుందని ఇమాం నవవి (రహ్మతుల్లాహి అలైహి) 'రియాజుస్సాలిహీన్'లో వివరించారు. ఆ మాట చెప్పగానే ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, దాగినవాడు ముస్లిం కాకపోతే? యూదుడైతే?" అని అడిగాడు. తరగతి అంతా నిశ్శబ్దమైంది. గాజా వార్తలు రోజూ వింటున్న పిల్లలు వారు. ఆ ప్రశ్నలోని బాధను మేము గ్రహించాము. జవాబుగా వారికి ఒక వ్యక్తి గాథ చెప్పాము. దానినే ఈ నెల మీ ముందుంచుతున్నాము.

ఆయన పేరు సలాహుద్దీన్ ఉల్కుమెన్. టర్కీ భాషలో సెలాహత్తిన్ అంటారు. 1914లో అంతాక్యాలో జన్మించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రోడ్స్ ద్వీపంలో టర్కీ కాన్సుల్ జనరల్‌గా పనిచేశారు. ఆ ద్వీపం దాదాపు నాలుగు శతాబ్దాలు ఉస్మానీయుల పాలనలో ఉండేది. స్పెయిన్ నుండి వెళ్లగొట్టబడిన యూదుల సంతతి అక్కడ తలదాచుకుని తరతరాలుగా జీవించింది. 1912లో ద్వీపం ఇటలీ వశమైంది. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక జర్మన్ సైన్యం దానిని ఆక్రమించింది.

1944 జులైలో యూదులంతా హాజరు కావాలని జర్మన్లు ఆజ్ఞాపించారు. మొదట పురుషులను, పిదప స్త్రీలను, పిల్లలను రప్పించి నిర్బంధించారు. వారు సుమారు 1,700 మంది. సంగతి తెలిసిన ఉల్కుమెన్ జర్మన్ సేనాధిపతి క్లీమన్ వద్దకు వెళ్లారు. నిర్బంధితులలో టర్కీ పౌరులున్నారనీ, తమ దేశ చట్టం ముస్లిం, క్రైస్తవ, యూదు పౌరుల మధ్య తేడా చూపదనీ చెప్పి, వారిని విడిచిపెట్టాలని కోరారు.

అయితే టర్కీ పౌరసత్వం ఉన్నవారు కొద్దిమందే. భార్యకు ఉంటే భర్తకు లేదు, భర్తకు ఉంటే భార్యకు లేదు. పత్రాల ప్రకారం నడిస్తే ఒకే ఇంటివారిలో ఒకరు బయటికీ, మరొకరు మృత్యువు వైపుకూ వెళ్లాలి. అప్పుడాయన, టర్కీ పౌరుల జీవిత భాగస్వాములు కూడా టర్కీ పౌరులేనని మా చట్టం చెబుతోంది అన్నారు. అటువంటి చట్టం లేనే లేదు. కానీ ఆ మాట మీద ఆయన గట్టిగా నిలబడ్డారు. సుమారు 50 మంది విడుదలయ్యారు.

మిగిలినవారిని ఓడలలో గ్రీసు తీరానికి, అక్కడి నుండి రైలు పెట్టెలలో ఆష్‌విట్జ్‌కు తరలించారు. యుద్ధం ముగిసేనాటికి వారిలో సుమారు 150 మందే ప్రాణాలతో మిగిలారు. ఉల్కుమెన్ ఆ యుద్ధంలోనే భార్యను కోల్పోయారు. టర్కీ జర్మనీతో సంబంధాలు తెంచుకున్నాక జర్మన్లు ఆయనను కూడా నిర్బంధించారు. 1989లో జెరూసలేములోని యాద్ వాషెమ్ సంస్థ ఆయనను గౌరవించింది. 2003లో ఇస్తాంబుల్‌లో కన్నుమూశారు.

ఇక విద్యార్థి ప్రశ్నకు వద్దాము. ఒక్క ప్రాణాన్ని నిలబెట్టినవాడు సమస్త మానవాళిని నిలబెట్టినట్లేనని దివ్య ఖుర్ఆన్ అల్ మాయిదా సూరా 32వ ఆయతులో బోధించింది. అక్కడ ప్రాణానికి మతం పేరు జోడించలేదు. ఒక జాతి పట్ల ద్వేషం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించరాదన్న హెచ్చరిక కూడా అదే సూరా 8వ ఆయతులో ఉంది. ఒక యూదుని జనాజా వెళుతుంటే దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) లేచి నిలబడ్డారు. అది యూదుని శవమని సహచరులు గుర్తు చేస్తే, అదీ ఒక ప్రాణమే కదా అన్న భావంతో బదులిచ్చారు. ఈ సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో నమోదై ఉంది.

ఫలస్తీనా కోసం మన కళ్లు చెమర్చడం ధర్మమే. ఆ దుఃఖం ఆష్‌విట్జ్ మృతుల పట్ల మన హృదయాన్ని మూసివేస్తే మాత్రం మనం న్యాయం నుండి తొలగినట్లే. అలాగే ఆ మృతుల పేరు చెప్పి నేటి దౌర్జన్యాన్ని సమర్థించడమూ అన్యాయమే. పీడితుడు ఎవరైనా పీడితుడే.

మరొక సంగతి. ఉల్కుమెన్ వద్ద సైన్యం లేదు. ఒక పదవి, ఒక ముద్ర, ఒక నోరు ఉన్నాయి. మన బిడ్డలు కూడా రేపు ఏదో ఒక కార్యాలయంలో కూర్చుంటారు, వారి సంతకం కోసం ఎవరో గుమ్మం దగ్గర నిలబడతారు. లాభం కోసం ఆడే అబద్ధానికి ఈ గాథలో చోటు లేదని వారికి స్పష్టంగా చెప్పండి. ఆపదలో ఉన్నవాని కోసం తన అధికారాన్ని చివరి అంచు వరకూ వినియోగించడం మాత్రం ఈ గాథ నుండి నేర్పండి.

ద్వేషం మన న్యాయాన్ని చెరపకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.