కంచె చేను మేయు వేళ: బాలమధుమేహమునకు నిరోధశక్తిని అణచు చికిత్స

దేహమును కాపాడవలసిన రోగనిరోధకశక్తియే దారితప్పి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ పుట్టించు బీటాకణములను శత్రువులుగా నెంచి నశింపజేయుటయే బాలలలో కానవచ్చు మొదటిరకపు మధుమేహము. కంచె చేను మేసిన చందమగు ఈ వ్యాధికి, 1922లో టొరాంటోనగరమున పదునాలుగేండ్ల బాలునకు తొలిసారి ఇచ్చిన ఇన్సులిన్ ప్రాణదానము చేసినదే కాని, వ్యాధిమూలమును తాకలేదు.

దారితప్పిన ఆ నిరోధశక్తిని అణచి గ్రంథిని నిలుపవచ్చునన్న ఆలోచన 1980ల దశకమున ఫ్రాన్సులో ఆచరణకు వచ్చినది. అవయవమార్పిడిలో వాడు సైక్లోస్పోరిన్‌ను కొత్తగా వ్యాధిపడిన పిల్లలకు ఇయ్యగా, కొందరికి కొంతకాలము ఇన్సులిన్ అవసరమే తప్పినది. కాని మందు మానగనే వ్యాధి మరలివచ్చుటయు, మూత్రపిండములు చెడునన్న భయమును ఆ దారిని మూసివైచినవి. తమ జిల్లాలోని ఉద్దానప్రాంతమున మూత్రపిండవ్యాధి ఎన్ని కాపురములను కూల్చినదో కన్నులార చూచిన శ్రీకాకుళవాసులకు ఆ భయమెంతటిదో వేరుగ చెప్పనక్కఱలేదు.

2022 నవంబరులో అమెరికా అనుమతించిన టెప్లిజుమాబ్ సైక్లోస్పోరిన్‌కంటె మెళకువగల మందు. లక్షణములు పొడచూపకమునుపే రక్తమున ప్రతిరక్షకములును, చక్కెరలో తేడాయు కనబడినవారిలో, తొలి అనుమతి మేరకు ఎనిమిదేండ్లు నిండినవారికి 14 దినములు సిరద్వారా ఎక్కించు ఈ ఔషధము, బీటాకణములపై దాడిచేయు టి-కణముల దూకుడును తగ్గించును. 2019లో వెలువడిన, 76 మందిపై జరిగిన పరిశోధనలో, వ్యాధి బయటపడుటకు పట్టిన మధ్యస్థకాలము మందు పొందనివారిలో సుమారు 24 నెలలు కాగా, పొందినవారిలో 48 నెలలు. బాల్యమున రెండేండ్లు సూదిపోటు తప్పుట స్వల్పలాభము కాదు. అయినను ఇది వాయిదాయే కాని విముక్తి కాదు, ఆ వాయిదా వెలయు అమెరికాలో తొలుత 1,93,900 డాలర్లు.

ఇక మన ప్రాంతమునకు వచ్చినచో, శ్రీకాకుళమునను విజయనగరమునను నేడు ప్రభుత్వ వైద్యకళాశాలలున్నవి. ఐనను అతిదాహము, అతిమూత్రము, చిక్కిపోవుట, మానిన పక్కతడుపు మరల మొదలగుట అను గుర్తులను తల్లిదండ్రులు తెలియకయో, వైద్యులు వాంతులను కడుపుజబ్బుగా భ్రమించియో జాగుచేసినచో, బిడ్డ ఆయాసముతో స్పృహతప్పువఱకు రోగము బయటపడదు. క్షయ మెండుగానున్న మన దేశమున నిరోధశక్తిని అణచుటకు ముందు ఆ క్షయ దేహమున దాగియున్నదో లేదో పరీక్షింపవలసియుండును. ఇక 2018లో తిత్లీ తుపాను వేళవలె విద్యుత్తు పోయిన పల్లెలలో చల్లగానుంచవలసిన ఇన్సులిన్‌ను నిలువచేయుటయే ఒక సమస్య.

కావున కొత్త మందునకై ఎదురుచూచుట తప్పుకాదు గాని, అంతకుముందు సీతంపేట ఏజెన్సీ మొదలు తీరగ్రామముల వఱకు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను అనుమానము కలిగిన బిడ్డకు వ్రేలికొన రక్తపరీక్షయు, తెగని ఇన్సులిన్ సరఫరాయు ప్రభుత్వము సమకూర్పవలెను.