బోరు లోతు పెంచితే నీళ్లు పెరగవు

అర్ధరాత్రి దాటినా పొలంలో బోరు లారీ ఆగలేదు. రెండు వందల అడుగులు దిగినా పొడే తప్ప తడి లేదు. "ఇంకో వంద దింపమంటారా?" అని అడుగుతారు. అప్పటికే అప్పు తెచ్చిన రైతు "దింపండి" అంటాడు. చీడికాడ మండలంలో మనలో చాలామందికి ఆ రాత్రి తెలుసు.

అడుగుల లెక్కన కిరాయి. నీళ్లు పడినా పడకపోయినా కట్టాల్సిందే. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది. లారీవాళ్లకూ డీజిలు ఖర్చుంది, కాదనం. కానీ నష్టం మొత్తం రైతు నెత్తినే పడుతోంది.

మనది తూర్పు కనుమల అంచు. కింద ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరుంటుంది. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. అందుకే పక్క పొలంలో నూట యాభై అడుగులకు పడిన నీరు మన పొలంలో నాలుగు వందలకూ పడకపోవచ్చు.

పడిన నీటినీ మనం సరిగా కొలవడం లేదు. బోరు వేసిన రోజు ఎగజిమ్మిన నీళ్లు చూసి "రెండంగుళాలు" అని సంబరపడతాం. కొలవాల్సింది వేసవిలో, మోటారు కాసేపు నడిచాక. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు. 9 గంటల కరెంటుకు 64,800 లీటర్లు. ఎకరంలో అంగుళం నీరు నిలవాలంటేనే సుమారు లక్ష లీటర్లు కావాలి. ఆ బోరును నమ్ముకుని వరి వేయగలమా?

2020 సెప్టెంబరులో మొదలైన వైఎస్సార్ జలకళ పథకంలో 2 లక్షల ఉచిత బోర్లన్నారు. ఒకే చోట రెండున్నర ఎకరాలు లేని రైతు పక్కవాళ్లతో కలిసి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. రిగ్గులు రిజిస్టరు చేయించాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. చట్టం ఉంటే చాలదు, రైతుకు అక్కరకు రావాలి.

అందుకే మన సంఘం అడుగుతున్నది ఇది. బోరు వేసే ముందు భూగర్భ జల శాఖ సర్వే సన్నకారు రైతుకు ఉచితంగా జరగాలి. అడుగు రేటు, కేసింగు రేటు మండల కార్యాలయంలో బోర్డు మీద రాయాలి. నీళ్లు పడని బోరు ఖర్చులో ప్రభుత్వం వాటా భరించాలి. కోనాం కాలువలు, ఊరి చెరువులు బాగుచేయాలి. చెరువు నిండితేనే చుట్టూ బావులు బతుకుతాయి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఒకటుంది. ఎన్ని అడుగుల దగ్గర ఆపాలో పగలే ఇంట్లోవాళ్లతో కూర్చుని తేల్చుకుని, లారీవాళ్లతో కాగితం మీద రాయించుకుందాం. అర్ధరాత్రి ఆశ మీద నిర్ణయం తీసుకోవద్దు.